టమాటా కిలో రెండొందలైతే కుండీలో పెంచుకోమంటారా?

టమాటా రేటు వంద దాటగానే మన ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మొదలవుతుంది. "ఒక వారం రోజులు టమాటాలు కొనడం మానేయండి, రేటు దానంతటదే దిగొస్తుంది. బాల్కనీలో నాలుగు మొక్కలు వేసుకోండి, ఈ దళారుల పీడ విరగడవుతుంది" అని. కింద పాతిక చప్పట్లు. 2023 జులైలో చాలా ఊళ్ళలో కిలో 200 దాటినప్పుడైతే ఉత్తరప్రదేశ్ లో ఒక మంత్రిగారు కూడా ఇదే సలహా ఇచ్చారు, ఇంట్లో పెంచుకోండి లేదా తినడం మానేయండి అని. మన వాళ్ళు ఆవిణ్ణి తిట్టారు. తిట్టి, మళ్ళీ అదే మెసేజ్ ఫార్వర్డ్ చేశారు :)

నాకూ బాల్కనీలో కుండీలున్నాయి. టమాటా, పచ్చిమిర్చి, ఓ కరివేపాకు, పుదీనా, రెండు బంతి, తులసి. మూడేళ్ళ నుంచి పెంచుతున్నాను, హైదరాబాదులో, ఐదో అంతస్తులో, తూర్పు వైపు బాల్కనీలో. కాబట్టి ఈ టపా మొక్కలంటే గిట్టని వాడు రాస్తున్నది కాదు. మొక్కలు పెంచండి అనే చెప్తాను, ఎలాగో కూడా కింద రాశాను. నా గొడవల్లా ఆ "పెంచుకుంటే సరిపోతుంది" అన్న మాటతోనే. ఆ మాట లెక్క ప్రకారం తప్పు. పైగా దానివల్ల ఒకరికి అన్యాయం కూడా జరుగుతోంది. ఎవరికో తర్వాత చెప్తాను, ముందు లెక్క.

మనం ఇంజనీర్లం కదా, ఎక్సెల్ షీట్ లేకపోతే నిద్ర పట్టదు. పోయిన సీజన్ లో నా లెక్క ఇది. నాలుగు టమాటా మొక్కలు, మూడు మిరప మొక్కలు.

పాత పెయింటు బకెట్లు ఏడు: 280
ఎర్రమట్టి బస్తాలు: 300
వర్మీ కంపోస్టు: 250
కొబ్బరి పొట్టు దిమ్మ: 200
వేపపిండి: 120
విత్తనాలు: 100
వేపనూనె: 150
పసుపు రంగు జిగురు అట్టలు: 100

మొత్తం 1500 రూపాయలు. ఊతకర్రలు ఊరికే వచ్చాయి, పక్కన కడుతున్న బిల్డింగు దగ్గర పడేసిన వెదురు ముక్కలు.

వచ్చిందెంత? టమాటాలు రెండున్నర నెలల్లో ఐదున్నర కిలోలు. పచ్చిమిర్చి కిలోన్నర. బాల్కనీకి ఇది మంచి దిగుబడే. మామూలు రోజుల్లో కిలో టమాటా 30, పచ్చిమిర్చి 60 అనుకుందాం. 165, 90, కలిపి 255 రూపాయలు. పోనీ టమాటాకి ఆ 2023 జులై రేటే, 200 వేద్దాం. 1100, 90, కలిపి 1190. అంటే అంత పెద్ద రేటు వేసుకున్నా నాకు 310 రూపాయల నష్టం! రోజుకి పావుగంట చొప్పున నాలుగు నెలలు చేసిన పనికి కూలి వేయలేదు. అది 30 గంటలు. దానికి మన కంపెనీలు క్లయింటుకి వేసే బిల్లింగు రేటు వేస్తే... వద్దులెండి, ఆ టమాటా పప్పు గొంతు దిగదు.

"బకెట్లు, మట్టి రెండో సీజన్ కి కూడా పనికొస్తాయి కదా" అంటారు. నిజమే. కానీ ఎరువు, వేపనూనె, విత్తనాలు మళ్ళీ కొనాలి. మట్టి సారం తగ్గుతుంది, కొంత మార్చాలి. ఎంత బిగబట్టినా సీజన్ కి నాలుగైదొందలు తప్పదు. మామూలు రేట్లకి అప్పుడూ నష్టమే.

పోనీ మొత్తం ఇంటికి సరిపడా వేసేద్దామా? నలుగురున్న తెలుగింట్లో వారానికి మూడు కిలోల టమాటా అవుతుంది (పప్పు, చారు, పచ్చడి, కూర... టమాటా లేనిదే మనకి ఏ రోజు గడుస్తుంది?). పది వారాలకి 30 కిలోలు. నా దిగుబడి ప్రకారం 22 మొక్కలు కావాలి. నా బాల్కనీ పొడవు 12 అడుగులు. రెయిలింగు పక్కన ఎండ తగిలే వరుసలో ఎనిమిది బకెట్లు పడతాయి. వెనక వరుసకి ఎండ రాదు. ఎండ లేని చోట టమాటా మొక్క ఏపుగా పెరుగుతుంది, తాడులా సాగుతుంది, కాయదు. ఫ్లాట్లలో కూరగాయలు పెంచడానికి అసలు అడ్డంకి మట్టి కాదు, డబ్బు కాదు, ఎండ. దాన్ని ఆన్ లైన్ లో ఆర్డరు పెట్టలేం.

సరే, ఇప్పటిదాకా చెప్పింది చిన్న విషయం. అసలు విషయం కేలండరులో వుంది.

టమాటా రేటు ఎప్పుడు పెరుగుతుంది? ఎక్కువగా జూన్, జులైల్లో. ఎందుకని? పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. పుప్పొడి పాడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగలు 40, రాత్రి 27. అంచేత వేసవిలో పొలంలో కాపు తగ్గుతుంది, ఆ తర్వాత వానలకి ఉన్నది కాస్తా కుళ్ళుతుంది, సరుకు తగ్గి రేటు పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి, పొలంలో రాలిన పూత మీ బాల్కనీలో నిలుస్తుందా? సూర్యుడు ఒకడే కదా. పైగా కింద గచ్చు, వెనక గోడ, పక్కన ఏసీ మెషీన్ వదిలే వేడి గాలి. పొలంలో కన్నా మన దగ్గరే ముందు రాలుతుంది. మార్కెట్లో టమాటా లేని రోజుల్లో మీ కుండీలోనూ వుండదు.

మరి రేటు పెరిగిందని జులైలో విత్తనం వేస్తే? నారు 25 రోజులు, నాటాక మొదటి కాయ పండటానికి ఇంకో 60-70 రోజులు. అంటే అక్టోబరు. 2023 లోనే చూడండి. జులైలో 200 దాటిన టమాటాని, సెప్టెంబరు వచ్చేసరికి కర్నూలు జిల్లాలో రైతులు గిట్టుబాటు కాక రోడ్ల మీద పారబోశారు. మీ కుండీలో కాయ పండేసరికి బయట అది చవకైపోయింది.

ఎందుకలా పడిపోయింది? మనకి జులైలో వచ్చిన ఆలోచనే రైతుకీ జులైలో వచ్చింది కాబట్టి. రేటు చూసి అందరూ నాటారు. మూడు నెలల తర్వాత అందరి పంటా ఒకేసారి మార్కెట్ కొచ్చింది. రేటు పడింది. దెబ్బ తిన్నవాళ్ళు తర్వాతి సారి తగ్గించి వేస్తారు, మళ్ళీ రేటు పెరుగుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టు ఎంత బట్టీ పట్టి పాసైనా ఈ ఒక్క ముక్క గుర్తుండే వుంటుంది, ఫీడ్ బ్యాక్ లూప్ లో డిలే ఎక్కువైతే సిస్టమ్ ఊగిసలాడుతుంది. టమాటా లూప్ లో డిలే 90 రోజులు. నిలవ చేద్దామంటే పండిన టమాటా వారం ఆగదు. దాన్ని కొనేది మనం, అమ్మేది రైతు, మధ్యలో ఊగిసలాటని భరించే బఫర్ ఏదీ లేదు.

"దళారులు తినేస్తున్నారు" అన్నది పూర్తిగా అబద్ధం అనను. రిజర్వు బ్యాంకు 2024 లో వేసిన ఒక పరిశోధన పత్రంలో, మనం టమాటాకి పెట్టే ప్రతి రూపాయిలో రైతుకి చేరేది సుమారు 33 పైసలు అని తేల్చారు. ఉల్లిపాయలో 36, ఆలుగడ్డలో 37. మిగిలింది రవాణా, కమీషను, హమాలీ, కుళ్ళిపోయే సరుకు, చిల్లర వ్యాపారి లాభం, అన్నీ కలిపి. అందులో మోసం ఎంత, నిజంగా అయ్యే ఖర్చెంత అనేది వేరే చర్చ. కానీ ఈ జబ్బుకి మందు బాల్కనీలో కుండీ ఎలా అవుతుంది? సర్వరు ప్రతి జులైలో డౌన్ అవుతుంటే "యూజర్లందరూ ఇంట్లో ఒక్కో సర్వరు పెట్టుకోండి" అన్నట్టుంది. ఆ సలహా విన్నాక, సర్వరు ఎందుకు పడిపోతోందని అడిగే వాళ్ళు తగ్గిపోతారు. నా అభ్యంతరం అక్కడ.

కేంద్రం 2018-19 బడ్జెట్లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ అని పెట్టింది, సరిగ్గా ఈ మూడు పంటల కోసమే: టమాటా, ఉల్లి, ఆలు. మిగులు సరుకుని నిలవ చేయడం, గుజ్జు తీయడం, అవసరమైన చోటికి తరలించడం, ఇవన్నీ చేస్తామన్నారు. ఐదేళ్ళ తర్వాత 2023 లో జులై ధర, సెప్టెంబరు ధర రెండూ మనం చూశాం. ఆ జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 కి అమ్మించింది, మంచిదే. కొనేవాడికి ఊరట. మరి సెప్టెంబరులో అమ్మేవాడికి? మదనపల్లె లాంటి అంత పెద్ద మార్కెట్ మన రాష్ట్రంలో పెట్టుకుని, వారం ఆగని పండుని నెలలపాటు ఆగేలా చేసే ఏర్పాట్లు సరిపడా లేకపోవడం గురించి మన గ్రూపుల్లో ఎన్ని మెసేజీలు తిరిగాయి?

ఇప్పుడు ఆ అన్యాయం ఎవరికో చెప్తాను. దీనికి మిరప ఉదాహరణ బాగా సరిపోతుంది.

బాల్కనీలో నాలుగు మొక్కలు కాశాక మనలో కొందరికి ఒక కొత్త జ్ఞానోదయం అవుతుంది. "నేను ఒక్క చుక్క పురుగుమందు కొట్టకుండా పండించాను. మరి ఈ రైతులకేం రోగం? మనకి విషం తినిపిస్తున్నారు" అని. క్యాంటీనులో ఇది విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది (పచ్చిమిర్చి లేకుండానే).

నా మూడు మిరప మొక్కల్లో ఒకదానికి పోయినేడాది ముడత వచ్చింది. ఆకులు చిన్నబోయి, ముడుచుకుని, గుత్తిలా అయిపోయాయి. పల్నాడులో దీన్ని బొబ్బర అంటారు. వైరస్ అది, తెల్లదోమ మోసుకొస్తుంది. వచ్చిందంటే మందు లేదు, మొక్క పీకి దూరంగా పారేయడమే. పీకేశాను. నష్టం నలభై రూపాయలు. మిగిలిన రెండింటి ఆకులు రోజూ తిరగేసి చూసి, తడి గుడ్డతో తుడిచాను. ఐదు నిమిషాల పని.

మా మేనమామ కారంపూడి దగ్గర కౌలుకి మిర్చి వేస్తాడు. ఎకరానికి పది వేల పైచిలుకు మొక్కలు. ఆయనతో ఫోన్లో ఈ తడిగుడ్డ సంగతి చెప్తే పగలబడి నవ్వాడు. "ఒరే అల్లుడూ, నువ్వు మొక్కలకి స్నానాలు చేయిస్తున్నావా? మరి నా మూడెకరాలకీ వచ్చి చేయించి పోరాదూ, మీ సాఫ్ట్ వేరోళ్ళందర్నీ వేసుకుని" అన్నాడు. కాసేపాగి తనే, "నీది చస్తే పీకుతావు. నాది చస్తే కౌలు ఎవడు కడతాడ్రా" అన్నాడు.

2021-22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చింది గుర్తుందా? చాలామందికి గుర్తుండదు, ఎందుకంటే మన కారం డబ్బా ఖాళీ కాలేదు. ఆకు మీద వుండే మామూలు తామర పురుగు కాదది, పువ్వులో దూరుతుంది. పువ్వులోనే తినేస్తుంది కాబట్టి పిందె కట్టదు. బయట నుంచి కొట్టిన మందు సరిగా తగలదు. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్ వైపు పచ్చగా వున్న చేలు కాపు లేకుండా నిలబడ్డాయి. కొందరు దున్నేశారు. పెట్టుబడి మొత్తం మట్టిలో పోసి, రోజూ కళ్ళ ముందు పూత రాలుతుంటే షాపువాడు ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా కొట్టడా మనిషి? మనం ప్రొడక్షన్ లో బగ్గు వచ్చిన రాత్రి ఏం చేస్తామో గుర్తు తెచ్చుకోండి. స్టాక్ ఓవర్ ఫ్లో లో దొరికిన ప్రతి సలహా వేసి చూస్తాం. మనకి పోయేది ఒక రాత్రి నిద్ర. వాళ్ళకి పోయేది ఏడాది.

మందులు ఎక్కువ కొట్టడం మంచిదని నేననడం లేదు. కొట్టేవాడి ఒంటికే మొదటి దెబ్బ. తిత్లీ తగ్గించాలన్న రైతులూ వున్నారు, జిగురు అట్టలు, కంచె పంటగా జొన్న, మొక్కజొన్న వేసేవాళ్ళూ వున్నారు. నేననేది ఒకటే. మూడు కుండీల అనుభవంతో మూడెకరాల మనిషికి నీతులు చెప్పకండి. కుండీ పెంచినందుకు మనకి రావలసింది గర్వం కాదు, "అమ్మో, దీని వెనక ఇంత వుందా" అన్న భయం.

పంట బాగా వచ్చినా సుఖం లేదు. 2023 లో గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి, 2025 ఫిబ్రవరికి ఎంత పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి 11,781 రూపాయలు కనీస ధర అని ప్రకటించాల్సొచ్చింది. పురుగు లేని ఏడాది రేటు లేదు. మన జీతం సగానికి తగ్గిస్తామని ఒక మెయిల్ వస్తే లింక్డిన్ లో ఎంత గోల చేస్తాం? వీళ్ళకి ఆ మెయిల్ దాదాపు రెండేళ్ళకోసారి వస్తుంది.

అన్నట్టు, ఈ మధ్య "ఐటీ వదిలేసి వ్యవసాయం చేసుకుంటా" అనే మాట కూడా ఎక్కువైంది. అప్రైజల్ అయిన వారంలో మరీను. వాళ్ళకి నేను చెప్పేది: ముందు నాలుగు సీజన్లు ఆరు కుండీలు పెంచండి. వేసవిలో ఒక్క పూతైనా నిలబెట్టండి. అందులో వచ్చిన కాయల్ని మీ వీధిలో తోపుడు బండి ఆయనకి అమ్మి చూడండి, ఎంతిస్తాడో. అప్పుడు రాజీనామా టైపు చేయండి.

"ఇన్ని చెప్పి మరి నువ్వెందుకు పెంచుతున్నావయ్యా?" అంటారా. చెప్తాను.

మొదటిది, రుచి. మార్కెట్ కొచ్చే టమాటా లారీ ప్రయాణం తట్టుకోవాలి కాబట్టి పచ్చిగా వుండగానే కోస్తారు. మొక్క మీద పండిన టమాటా కోసి అప్పటికప్పుడు చారు పెడితే ఆ పులుపు వేరు. ఇది సెంటిమెంటు కాదు, తినే చూడండి.

రెండోది, చూడటం అలవాటవుతుంది. ఉద్యోగంలో మనం చూసేదంతా తెర మీద. లాగ్స్ లేని, ఎర్రర్ మెసేజ్ లేని సిస్టమ్ ని డీబగ్ చేయడం మొక్క నేర్పుతుంది. మిరప ఆకు పడవలా పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరగబడి ముడుచుకుంటే నల్లి. టమాటా కాయ అడుగున నల్లగా కమిలితే తెగులు కాదు, కాల్షియం అందట్లేదని, ఎక్కువసార్లు నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అవడం వల్ల. ప్రతిదానికీ ఒక కారణం వుంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది.

మూడోది, వంటింటి చెత్త. కూరగాయ తొక్కలు, టీ పొడి, ఎండిన ఆకులు ఒక చిల్లుల డబ్బాలో వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు. మున్సిపాలిటీ బండికి ఆ మేరకు బరువు తగ్గుతుంది.

నాలుగోది, పైన అంతా చెప్పిందే. పేపర్లో మిర్చి యార్డు వార్త వస్తే ఇదివరకు క్రీడల పేజీకి తిప్పేసే వాళ్ళం. బొబ్బర అంటే ఏవిటో కళ్ళతో చూసినవాడు ఆ వార్త ఆగి చదువుతాడు.

ఇక ఎలా పెంచాలో. మిద్దె మొత్తం వున్నవాళ్ళకి కథకులు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి గారి మిద్దెతోట వుంది, ఆయన్ని చూసే చాలామంది మొదలుపెట్టారు. నేను రాసేది ఫ్లాటు బాల్కనీ వాళ్ళ కోసం.

1. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ రాకపోతే టమాటా జోలికి వెళ్ళకండి. నాలుగు గంటలొస్తే మిరప కొద్దిగా కాస్తుంది. అంతకన్నా తక్కువైతే పుదీనా వేసుకోండి, ఇంకా లేకపోతే మనీ ప్లాంటు.

2. మిరపకి 10-12 అంగుళాల కుండీ చాలు. టమాటాకి 20 లీటర్ల బకెట్ కావాలి. అడుగున నాలుగైదు చిల్లులు తప్పనిసరి. చిల్లుల్లేని అందమైన పింగాణీ కుండీలో మొక్క వేరు కుళ్ళి చస్తుంది.

3. ఎర్రమట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా. కుండీకి గుప్పెడు వేపపిండి.

4. షాపులో కొన్న టమాటా పిండి విత్తనం వేస్తే మొలుస్తుంది, కానీ అది ఎక్కువగా హైబ్రిడ్ కాయ. తల్లి లాంటి పిల్ల రాదు. సోర్స్ కోడ్ దగ్గర పెట్టుకుని బైనరీ మాత్రం అమ్మినట్టన్నమాట. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ ఆకుముడత వైరస్ తో సహా మూడు తెగుళ్ళని తట్టుకుంటుంది (అదీ హైబ్రిడ్డే, ప్రతిసారీ కొనాలి). మిరపలో మన గుంటూరు లాం ఫారం రకం ఎల్.సి.ఎ. 334 వుంది, దాని విత్తనం దాచుకోవచ్చు.

5. టమాటా విత్తనం ఆగస్టు చివర, సెప్టెంబరులో వేయండి. పూత సమయానికి చలి మొదలవుతుంది, నిలుస్తుంది. మిరప జూన్, జులైల్లో వేసినా పర్లేదు.

6. నీళ్ళు టైముని బట్టి కాదు, మట్టిని బట్టి. వేలు రెండు కణుపులు దించండి. తడిగా వుంటే ఆ రోజు వద్దు.

7. ఐదో అంతస్తుకి తేనెటీగలు తక్కువ. టమాటా, మిరప రెండూ సొంత పుప్పొడితోనే కాయ కడతాయి, కానీ కొంచెం కదలాలి. పొద్దున పూట పూగుత్తిని వేలితో మెల్లగా తట్టండి.

8. వేపనూనె లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కలు సబ్బు నీళ్ళు కలిపి, సాయంత్రం పూట, ఆకు అడుగు భాగం తడిసేలా. పురుగులన్నీ కాపురం వుండేది అడుగునే. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

9. మే నెలలో మొక్కని బతికించుకోండి చాలు, కాయలు ఆశించకండి. పల్చటి ఆకుపచ్చ షేడ్ నెట్ కడితే మిరప వేసవి దాటి మళ్ళీ కాస్తుంది. మిరప మొక్క ఓపికమంతురాలు, రెండేళ్ళు కూడా వుంటుంది.

పదో పాయింటు కొంచెం పెద్దది, అపార్టుమెంటు అసోసియేషన్ల గురించి. మా దగ్గర "బిల్డింగు అందం పోతోంది, బాల్కనీల్లో కుండీలన్నీ తీసేయాలి" అని ఒక సర్క్యులర్ వచ్చింది. అద్దెకున్న వాళ్ళయితే మరీ తీసేయాలట! ఇందులో సగం న్యాయం వుంది, సగం లేదు.

రెయిలింగు మీద, పిట్టగోడ మీద కుండీ పెట్టడం నేరం కింద లెక్క. ఐదో అంతస్తు నుంచి ఐదు కిలోల కుండీ ఒక పిల్లాడి తల మీద పడితే మన పచ్చదనం ఎవరికి కావాలి? అది నిషేధించాల్సిందే, సొంతదారైనా అద్దెదారైనా. కింది ఫ్లాటు వాళ్ళ ఉతికిన బట్టల మీద ఎర్రమట్టి నీళ్ళు కారడం కూడా తప్పే, ప్రతి కుండీ కింద పళ్ళెం పెట్టాలి. బరువు సంగతి కూడా చూసుకోవాలి. తడిసిన మట్టితో 20 లీటర్ల బకెట్ పాతిక కిలోల పైనే తూగుతుంది. ఇళ్ళ బాల్కనీలని చదరపు మీటరుకి సుమారు 300 కిలోల భారానికి తక్కువ కాకుండా డిజైన్ చేయమని మన ఐ.ఎస్. 875 కోడ్ చెప్తుంది. ఎనిమిది బకెట్లు, 200 కిలోలు, 12 అడుగుల పొడవునా పరిస్తే కోడ్ ప్రకారం కట్టిన బాల్కనీకి భయం లేదు. కానీ అన్నీ తెచ్చి ఒకే మూల గుట్ట పెట్టడం, పాతబడి ఇనుప చువ్వలు బయటపడిన బాల్కనీలో పెట్టడం వద్దు. పైగా మంచాలు, వాషింగ్ మెషీనూ అక్కడే పెట్టే వాళ్ళు అవన్నీ కలిపి లెక్కేసుకోవాలి.

ఈ నాలుగు రూల్సు రాసి గోడకి అంటించమంటే ఏ కమిటీకైనా పది నిమిషాల పని. అది మానేసి "అన్నీ తీసేయండి" అనడం బద్ధకం. నేల మీద, పళ్ళెంలో, లోపలి వైపు వున్న మిరప మొక్క వల్ల బిల్డింగు అందం పోతే, ఆ అందం గురించి ఒకసారి ఆలోచించుకోవాలి.

అన్నమయ్య 1503 లో పోయాడు. ఆయన తన జీవితంలో పచ్చిమిరపకాయ కొరికి వుండడు, టమాటా చారు తాగి వుండడు. రెండూ పోర్చుగీసు వాళ్ళ ఓడల వెంట అమెరికా ఖండాల నుంచి ఆ తర్వాత వచ్చినవే. అంతకు ముందు మన కారం మిరియాలది, మన పులుపు చింతపండుది. పరాయి దేశం నుంచి వచ్చిన రెండు మొక్కల్ని మన నేలకి, మన ఎండకి అలవాటు చేసి, "గుంటూరు కారం" అని ప్రపంచమంతా చెప్పుకునేలా చేసింది ఎవరు? పేరు తెలియని కొన్ని తరాల రైతులు. వాళ్ళ మనవలే ఇవాళ రోడ్డు మీద పారబోస్తున్నది.

అందుకని నేననేది ఇంతే. కుండీ పెంచండి, సరదాకి, రుచికి, తెలుసుకోవడానికి. రేటు తగ్గించడానికి అని మాత్రం చెప్పకండి. టమాటా వందైనప్పుడు ఆ ఫార్వర్డ్ ఆపండి. అది ఐదు రూపాయలైనప్పుడు రెండు కిలోలు ఎక్కువ కొని, ఊరగాయో పచ్చడో పెట్టుకోండి, అమ్మకి ఫోన్ చేస్తే కొలతలు చెప్తుంది. ఓటు అడగటానికి వచ్చినవాణ్ణి మన రింగు రోడ్డు గురించి అడిగినట్టే, మదనపల్లెలో గుజ్జు ఫ్యాక్టరీ ఏమైంది, గుంటూరులో కోల్డ్ స్టోరేజీ కౌలు రైతుకి అందుతోందా అని కూడా ఒక ప్రశ్న అడగండి. ఇవి మన ప్రశ్నలు కావనుకుంటాం. రోజుకి మూడు పూటలా తినేవాడికి ఇవి సొంత ప్రశ్నలే.

మీ బాల్కనీలో ఎన్ని గంటల ఎండ వస్తుందో రేపు ఆదివారం ఒకసారి లెక్కపెట్టండి. ఆరు దాటితే, ఈ సెప్టెంబరుకి ఒక బకెట్ తెచ్చుకోండి. ఒక్కటే చాలు.